ముప్ఫై ఎనిమిదో టేపు

డబ్బా ఉంది. డబ్బా మీద అన్నయ్య చేతిరాతతో అంకె ఉంది. లోపల టేపు లేదు.

అమ్మాయి ఆ ఖాళీ డబ్బాను నా ముఖం ముందు రెండుసార్లు తిప్పింది, నాకు చూపు తగ్గిందేమోనన్నట్టు.

"ముప్ఫై ఎనిమిది ఏది బాబాయ్?"

"నన్నడుగుతావేం? బీరువా తాళం మీ అమ్మ దగ్గరుంది."

"తాళమే అమ్మ దగ్గరుంది. టేపులు ముట్టుకునే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే. నాన్న కూడా నిన్నడిగే తీసుకునేవాడు."

ముందుగది నేలంతా డబ్బాలే. మొత్తం అరవై మూడు. అన్నయ్య పోయిన పద్నాలుగు నెలలకు బీరువా తెరవడం ఇదే. లోకం మెచ్చుకున్న ఆయన పాటలన్నీ లోకం దగ్గరే ఉన్నాయి. ఈ గదిలో కూర్చుని రాసి, బాణీ కట్టి, పాడి, ఎందుకో నచ్చక లోపల పడేసినవన్నీ ఈ డబ్బాల్లో ఉన్నాయి. వాటిని ఒక సంపుటంగా తెస్తామని రికార్డుల కంపెనీవాళ్లు వెంటపడుతున్నారు. సంతకం పెట్టింది అమ్మాయి. అన్నయ్యకు ఒక్కతే కూతురు.

కంపెనీ పంపిన సౌండింజనీరు సోఫా అంచు మీద కూర్చుని ఉన్నాడు. మెడలో హెడ్‌ఫోన్లు. పేరు చెప్పాడు గానీ నేను పట్టించుకోలేదు. మనసులో ఆయనకు హెడ్‌ఫోన్‌గారని పేరు పెట్టుకున్నాను. ఒకరి ఇంట్లో గొడవ జరుగుతుంటే ఎక్కడ చూడాలో తెలియని మనిషిలా టీ కప్పులోకి చూస్తున్నాడు. కప్పులో టీ ఎప్పుడో అయిపోయింది.

"నాన్న ప్రతి ఇంటర్వ్యూలోనూ ఒకటే మాట అనేవాడు," అంది అమ్మాయి. "నా మంచి పాట ఇంకా ఎవరికీ ఇవ్వలేదు అని. అది ముప్ఫై ఎనిమిదో టేపులో ఉందని నాతో చెప్పాడు. కంపెనీవాళ్లు దాన్ని చూసుకునే ఒప్పుకున్నారు. ఆ ఒక్కటీ లేకపోతే మిగతా అరవై రెండూ మాకొద్దన్నారు. నీకు అర్థమవుతోందా?"

"అర్థమవుతోంది. నేను ఏడో తరగతే గానీ మాటలు తెలుసు."

"ఎవరికైనా ఇచ్చావా? అమ్మావా?"

"మీ నాన్న గొంతు అమ్ముకునే తెలివే ఉంటే, ఈ వయసులో మీ వెనకగదిలో ఎందుకుంటానమ్మా?"

అమ్మాయి తర్వాత దెబ్బ ఎక్కడ వెయ్యాలో వెతుక్కుంటోంది. అచ్చం తండ్రి పోలిక.

భోజనాల బల్ల దగ్గర వదిన ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఇంత రభసలోనూ ఒక దుప్పటిని మూడోసారి విప్పి మళ్లీ మడిచింది.

"దొరకదులే," అంది తలెత్తకుండా. "పోయిందని రాసెయ్యండి. అరవై రెండు చాలవా ఏం జనానికి?"

"అమ్మా, కంపెనీని ఇంటికి పిలిపించిందే నువ్వు."

"పిలిపించాను. పోయినదాన్ని పుట్టించమని చెప్పలేదుగా."

వదిన అలా మాట్లాడటం నాకు కొత్తగా అనిపించింది. అన్నయ్య పాట అంటే చిత్తుకాగితాన్ని కూడా ఇస్త్రీ చేసి దాచే మనిషి ఆమె. అయినా ఆ నిమిషంలో ఆలోచించలేదు. తేలు కుట్టిన దొంగకు పక్కవాడి ముఖం చూసే తీరిక ఎక్కడిది?

హెడ్‌ఫోన్‌గారు గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఎవరి దగ్గరున్నా సరే, ఒక్క మాట. దాన్ని మాత్రం మిషన్ మీద పెట్టొద్దు. ఆ రోజుల్లో వచ్చిన టేపు ఇప్పటికి బంకబంకగా అయిపోయుంటుంది. తిప్పితే గోధుమరంగు పూతంతా ఊడి, టేపును చదివే హెడ్‌కి అంటుకుంటుంది. పాట పూతతోనే పోతుంది."

"మరి ఎలా వింటారు?" అంది అమ్మాయి.

"సన్నటి వేడి తగిలే పెట్టెలో ఎనిమిది గంటలు ఆరబెడతాం. అప్పుడు ఒకసారో రెండుసార్లో బాగా పలుకుతుంది. ఆ సందులో కంప్యూటర్లోకి ఎక్కించేసుకోవాలి." ఆయన నావైపు చూశాడు. దొంగను కనిపెట్టినట్టు కాదు, తోటి పనివాణ్ణి చూసినట్టు. "కానీ ఇంకో వేసవి దాటితే ఆరబెట్టినా లాభం ఉండదు సార్. మీకు తెలియంది కాదు."

నాకు తెలుసు. ఐదేళ్ల కిందట ఇరవై ఒకటో టేపులో ఒక పాటను అలాగే తిప్పి తినేసింది నేనే. ఆ చప్పుడు ఇంకా నా పళ్లలో ఉంది.

లేచి వెనకగదికి వెళ్లాను. పెట్టె అడుగున, చలికోటు జేబులో, ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఉన్న టేపును తెచ్చి బల్ల మీద పెట్టాను. వదిన చెయ్యి దుప్పటి మీద ఆగిపోయింది.

"ఇంటి దొంగ," అంది అమ్మాయి నెమ్మదిగా.

"అను. ఇంకా ఏమైనా ఉంటే అదీ అను. ఆ తర్వాత నా షరతు విను. ఇందులో మీ నాన్న గొంతు కాక ఇంకో గొంతుంది. దాన్ని తీసెయ్యకూడదు."

"ఎవరి గొంతు?"

జవాబు నేను చెబుతానని వదినా, వదిన చెబుతుందని నేనూ ఊరుకున్నాం.

"మీ పిన్నిది," అన్నాను.

---

ఇరవై ఆరేళ్ల కిందట ఒక గురువారం పొద్దున మా ఆవిడ ఇల్లు వదిలి వెళ్లింది. నాకు ఒక్క మాట చెప్పలేదు. నేను ముందుగదిలో మైకు స్టాండుకు మర బిగిస్తున్నాను. పెరటి తలుపు పడిన చప్పుడు విన్నాను. గాలికి అనుకున్నాను.

సాయంత్రానికి వాళ్ల అక్కగారింటికి వెళ్లిందని తెలిసింది. నేనూ బయలుదేరాను. చెప్పులు కూడా వేసుకున్నాను. "చెప్పకుండా పోయిన మనిషి వెనక పోయేవాణ్ణి ఏమంటారో తెలుసురా?" అన్నాడు అన్నయ్య. ఏమంటారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. చెప్పులు విడిచాను. ఆయన మాటను లోకమే నమ్మింది, నేను నమ్మనా?

ఆ వారంలోనే ఫొటోలన్నీ చించేశాను. చించడానికి రెండు నిమిషాలు పట్టింది. నవ్వినప్పుడు ఆవిడకు ఏ బుగ్గ మీద సొట్ట పడేదో గుర్తు తెచ్చుకోవడానికి ఎన్నేళ్లుగానో ప్రయత్నిస్తున్నాను, ఇంకా తేలలేదు.

ముప్ఫై ఎనిమిదో టేపు మాత్రం మిగిలింది. ఆవిడ వెళ్లే ముందురోజు చేసిన రికార్డింగు అది. చరణం ఆడగొంతులో ఎలా ఉంటుందో వింటానని అన్నయ్య ఆవిడతో పాడించాడు. ఒక్క చరణం. ఆవిడ గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

ఆ వారమే దాన్ని బీరువాలోంచి దొంగిలించాను గానీ ఎప్పుడూ వినలేదు. మొదట్లో కోపం. తర్వాత భయం. ఆ తర్వాత, తిప్పితే పూత ఊడుతుందని తెలిసింది. ఆకలేసినవాడు ఉన్న ఒక్క ముద్దనూ రేపటికి దాచుకున్నట్టు, రేపు రేపంటూ ఇంతదాకా వచ్చాను.

---

"ఒప్పందంలో కవిగారి గొంతు అనే ఉంది సార్," అన్నాడు హెడ్‌ఫోన్‌గారు. "ఇంకొకరు పాడితే వాళ్ల సంతకం కావాలి. ఆవిడగారి అడ్రసేమైనా..."

"ఉంటే టేపెందుకు దాచుకుంటాను?"

"అయితే ఆ చరణం ఎత్తేయాల్సిందే," అంది అమ్మాయి. "బాబాయ్, నీ బాధ నాకర్థమవుతుంది. పిన్ని నాకూ గుర్తుంది. జడ బిగించి వేసేది, తల నొప్పెట్టేది. కానీ ఇది నాన్న పాట."

"నాన్న పాట. నాన్న ఇల్లు. నాన్న బీరువా. నేను ముప్ఫై ఆరేళ్లు మీట నొక్కాను. ఆ వేలైనా నాదేనా, అదీ ఆయన వాటాలోకే వస్తుందా?"

"నిన్నెవరైనా పొమ్మన్నారా, ఉండమన్నారా? నువ్వే ఉన్నావు."

ఆ మాట అన్నాక అమ్మాయికి తెలిసింది, అనకూడదని. కానీ మాట అన్నాక ఏం తెలిస్తే ఏం?

చివరికి హెడ్‌ఫోన్‌గారే సర్దిచెప్పాడు. ముందు టేపు మొత్తం, చివరి అంగుళం దాకా ఎక్కిస్తాడట. అందులో ఒక నకలు నాకిస్తాడట. ఏది ఉంచాలో ఏది ఎత్తెయ్యాలో ఆ తర్వాత కొట్టుకు చావచ్చు. చావచ్చు అని ఆయన అనలేదు, మర్యాదస్తుడు.

ఒప్పుకున్నాను.

"నేనూ వస్తాను," అంది వదిన.

పద్నాలుగు నెలలుగా ఆమె గేటు దాటలేదు. అమ్మాయి ఆనందపడింది. అమ్మ మళ్లీ మనుషుల్లో పడుతోందనుకుంది పాపం.

---

మర్నాడు సాయంత్రం నాలుగింటికి స్టూడియోకు వెళ్లాం. కిటికీలు లేని గది. గోడలకు నల్లటి స్పాంజి. మాట్లాడితే మాట నోటి ముందే పడిపోతుంది. అలాంటి గదుల్లోనే నా బతుకంతా గడిచింది.

ఆరిన టేపును హెడ్‌ఫోన్‌గారు మిషన్ మీద పెట్టాడు. దూదితో హెడ్ తుడిచాడు. స్పిరిట్ వాసన వచ్చింది. ఆయన చేతులు మంచివి, టేపును అంచులతోనే పట్టుకున్నాడు. నన్నడగకుండానే ఆ పక్క కుర్చీ నాకు లాగాడు.

అమ్మాయి నా వెనక నిలబడింది. వదిన తలుపు దగ్గర కుర్చీలో, ఒళ్లో చేతిసంచీతో, డాక్టరు పిలుపు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

చక్రాలు తిరిగాయి.

ముందు టేపు బుస. తర్వాత అన్నయ్య దగ్గు. ఆ దగ్గుకే అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పాట.

తలుపు తీసే ఉంచాను, గాలికి పనేముంది?
వచ్చినట్టే వచ్చింది, రానట్టే పోయింది.

వాద్యం లేదు. బల్ల మీద వేళ్లతో తాళం, అంతే. ఆయన మీద నాకెన్ని కక్షలున్నా సరే, పాట పాటే. హెడ్‌ఫోన్‌గారు తల వంచుకున్నాడు. ఆయనేమనుకున్నాడో గానీ, ఆ ఒక్క పాట కోసం కంపెనీ అంత పట్టుపట్టడం తప్పు కాదని నాకనిపించింది.

"ఇప్పుడు నువ్వమ్మాయ్," అంది టేపులో అన్నయ్య గొంతు.

గాజులు కదిలాయి.

చూసే మనిషి ఉన్నంతసేపే ఇల్లు,
ఆ తరవాత గోడలే.

గొప్ప గొంతేమీ కాదు. పై స్థాయికి వెళ్లేటప్పుడు కొంచెం జారింది. జారినచోట తనే చిన్నగా నవ్వి, మళ్లీ అందుకుంది. ఎడమ బుగ్గ. సొట్ట ఎడమ బుగ్గ మీద పడేది. ఎవరో చెప్పినట్టు గుర్తొచ్చేసింది.

నేను ఏడవలేదు. యాభై మూడేళ్లవాణ్ణి, పక్కన పరాయివాడున్నాడు. మీటరు ముల్లునే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ఊపిరి తీసినప్పుడల్లా ముల్లు లేచి పడుతోంది.

"ఆపు," అన్నాడు అన్నయ్య. పాట అయిపోయింది.

హెడ్‌ఫోన్‌గారి చెయ్యి మీట మీదికి వెళ్లింది.

"ఆపొద్దు," అన్నాను. "ఆయన ఆపమంటే ఆపకూడదు."

అది మా పద్ధతి. అన్నయ్యకు మంచి చరణాలు పాట ముగించి సిగరెట్ వెలిగించాకే తట్టేవి. అందుకే మొదటి రోజే చెప్పాడు: నేను ఆపమన్నా ఆపకు, టేపు చివరిదాకా తిరగనీ, నువ్వు బయటికి పో. నేను వెళ్లిపోయేవాణ్ణి. సిగరెట్లకో, టీకో. తిరిగే మిషన్ పక్కనే ఏళ్లూపూళ్లూ బతికితే, అది గోడ మీది బల్లితో సమానం. ఉందని ఎవరికీ గుర్తుండదు. అన్నయ్యకు కూడా.

ఆ రోజు నన్ను బ్యాటరీల కోసం పంపాడు.

టేపులో కుర్చీ జరిగింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

"బాగా పాడావమ్మాయ్."

"బావగారూ, మీతో ఒక మాట చెప్పాలి. రేపు మా అక్కవాళ్లింటికి వెళ్లిపోతున్నాను."

"వాడికి చెప్పావా?"

"చెబితే ఏమంటారో మీకూ తెలుసు. అన్నయ్య రికార్డింగు అయ్యాక చూద్దాం అంటారు. నాలుగేళ్లుగా అదే వింటున్నాను. నాకు ఆయన మీద కోపం లేదు. ఈ ఇంట్లో ఆయన నాకు కనపడటం లేదు, అంతే. మీరు చెప్పండి. మీ మాటైతే వింటారు. ఆదివారం దాకా చూస్తాను. వస్తే ఎక్కడో ఒక గది తీసుకుంటాం. రాకపోతే, రావడం ఇష్టం లేదనుకుంటాను. మళ్లీ ఇబ్బంది పెట్టను."

బుస. చాలాసేపు బుస ఒక్కటే.

"చెబుతాలే," అన్నాడు అన్నయ్య.

"మరిచిపోరు కదా?"

"మాట మరిచిపోయేవాణ్ణయితే పాటలెలా రాస్తానమ్మాయ్?"

ఆవిడ నవ్వింది. అడుగులు. తలుపు. మళ్లీ బుస. సిగరెట్ లాగిన చప్పుడు, రెండుసార్లు, మూడుసార్లు.

తర్వాత తలుపు మళ్లీ తెరుచుకుంది.

"పెద్ద బ్యాటరీలు దొరకలేదన్నయ్యా."

నా గొంతు. ఇరవై ఏడేళ్ల గొంతు. ఎంత సంతోషంగా ఉందో.

"సరేలే. ఒరేయ్, సోమవారం దాకా ఎక్కడికీ కదలకు. రికార్డింగుంది."

"నేనెక్కడికి పోతానన్నయ్యా?"

ఇద్దరం నవ్వుకున్నాం. టేపు కొస చక్రం నుంచి ఊడి టపటపా కొట్టుకుంది. హెడ్‌ఫోన్‌గారు ఆపాడు.

నా చేతులు నా మోకాళ్ల మీదే ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియలేదు.

"ఇదంతా ఉంచాలా మేడమ్?" అని హెడ్‌ఫోన్‌గారు గొణిగాడు. "పాట వరకేనా?"

"పాట వరకే," అంది అమ్మాయి. "తర్వాతిది చెరిపెయ్యండి. ఎక్కడా మిగలకూడదు."

"చెరపడానికి వీల్లేదు," అన్నాను.

"బాబాయ్, ప్లీజ్. ఇది బయటికొస్తే నాన్నను ఏమంటారు?"

"బయటికి రావాలని నేనన్నానా? నకలు నాకిస్తామన్నారు. నాది నాకివ్వండి."

"విని ఏం చేస్తావు? రోజూ పెట్టుకుని నాన్నను తిట్టుకుంటావా?"

"ఆయన్ని కాదమ్మా. పెద్ద బ్యాటరీలు దొరకలేదన్నవాణ్ణి తిట్టుకుంటాను."

అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేయబోయి మానేసింది. నేను కుర్చీ తిప్పి వదిన వైపు చూశాను. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. అప్పుడు చూశాను ఆ ముఖాన్ని, నిన్ననే చూడాల్సినదాన్ని.

"నీకు తెలుసు."

"తెలుసు," అంది వదిన. "ఆ రోజే చెప్పారు. నీకు చెప్పొద్దన్నారు. ఆపమన్నా నీ టేపు ఆగదని నాకూ తెలుసు."

"ఆదివారం దాకా అక్కడ కూర్చుందట వదినా. నేను చెప్పులు వేసుకుని విప్పేశాను. నువ్వక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"ఒక్క మాట చెబితే నోరు పడిపోయేదా?"

వదిన చేతిసంచీ జిప్పు తీసింది, వేసింది. "నువ్వు వెళ్తే ఆయన పని ఆగిపోయేది. ఇంకొకళ్ల చేత మిషన్ ముట్టుకోనిచ్చే మనిషి కాదు. పని ఆగితే ఆయనెలా ఉంటారో నువ్వు ముందుగదిలో చూశావు. తలుపులేసుకున్నాక ఎలా ఉంటారో నేను చూశాను. నా భయం నాది."

"అమ్మా," అంది అమ్మాయి.

"ఉండవే. ఇన్నాళ్లకు నోరు తెరిచాను, మూయించకు." వదిన నన్నే చూస్తోంది. "ఆదివారంతో అయిపోలేదు. రెండు నెలల తర్వాత ఫోన్ చేసింది."

"ఎవరు తీశారు?"

"నేనే."

"నేనెక్కడున్నాను?"

"ఎదురుగానే. నేల మీద కూర్చుని వైర్లు చుట్టుకుంటున్నావు. ఎవరని సైగ చేశావు. రాంగ్ నంబరని చెప్పి పెట్టేశాను."

ఆ రోజును గుర్తు తెచ్చుకోవాలని చూశాను. వైర్లు రోజూ చుట్టేవాణ్ణి. రాంగ్ నంబర్లు రోజూ వచ్చేవి. ఎన్ని రోజుల్లోంచి ఏ రోజును పట్టుకోను? ఏ ఒక్కటీ చేతికి చిక్కలేదు.

"పెట్టేసే ముందు ఏమైనా అందా?"

వదిన కూతురి వైపు చూసింది.

"నువ్వు కాసేపు బయటికి వెళ్లమ్మా."

హెడ్‌ఫోన్‌గారు వెంటనే లేచి తలుపు తీసి బయటికి నడిచాడు. అమ్మాయి మాత్రం కదలలేదు. నా కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది.

"తనకు మూడో నెలని చెప్పింది," అంది వదిన.